తెల్లారేదాకా ఆడాలంటే: నెల్లూరు తీరంలో టెక్నో రాత్రికి మొదటిసారి వెళ్లేవాళ్లకి

టెక్నో అంటే మెషీన్లతో కట్టిన డ్యాన్స్ మ్యూజిక్. మొదటిసారి ఇలాంటి పార్టీకి వెళ్లినప్పుడు గంటకే బయటికొచ్చేశాను. పల్లవి లేదు, చరణం లేదు, ఒక పాట ఎక్కడ అయిపోయి ఇంకో పాట ఎక్కడ మొదలైందో తెలీదు, ఒకటే ధన్ ధన్ ధన్. మైపాడు వైపు ఒక పాత మేత గోడౌన్ అది, చుట్టూ రొయ్యల గుంటలు. బండి తీస్తుంటే గుంటల కాపలా పెద్దాయన అడిగాడు, "ఏంది అబ్బయ్యా, అప్పుడే పోతుండావు?" అని. అంతా ఒకటే మోత తాతా, అన్నాను. "మా ఏరియేటర్లదీ ఒకటే మోతే గదా. ఆ మోతలోనే నాకు నిద్ర పట్టేది. అది ఆగిందంటే మాత్రం ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటా" అన్నాడు.

ఏరియేటర్ అంటే గుంట నీళ్లని చిలికి గాలి కలిపే మెషీన్. రొయ్యలు పెంచేవాళ్లకి ఆయన మాట బాగా తెలుసు. రాత్రిపూట, అందులోనూ తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైంలో ఏరియేటర్ ఆగితే పంట మొత్తం పోతుంది, అందుకే ఆ మోత మీద మనసు పెట్టకపోయినా వాళ్ల ఒళ్లు మాత్రం దాన్నే వింటూ ఉంటుంది. ఈ మ్యూజిక్ కూడా అలాగే పనిచేస్తుందని నాకు అర్థం కావడానికి ఇంకో రెండు పార్టీలు పట్టింది. గంటలో వెళ్లిపోయేవాళ్లకి ఇది మోత. మూడు గంటలు ఉన్నవాళ్లకి వేరే సంగతి. నేను చెప్పబోయేదంతా ఆ మూడో గంట దాకా మీరు ఒళ్లు పాడుచేసుకోకుండా, పక్కవాళ్లని ఇబ్బంది పెట్టకుండా ఉండగలగడం గురించే.

వెళ్లే ముందు

అండర్‌గ్రౌండ్ అంటే మన దగ్గర పెద్ద విషయమేమీ కాదు. పోస్టర్ ఉండదు, టికెట్ యాప్‌లో కనపడదు, యాభై అరవై మంది ఉంటారు, చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఒక డీజే తన ఖర్చులకి సరిపడా డబ్బుతో వస్తాడు, లొకేషన్ సాయంత్రం వాట్సాప్‌లో వస్తుంది. తెలిసినవాళ్ల ద్వారానే వెళ్లాలి. పిలిచినవాళ్లని మూడు సంగతులు అడగండి: షెడ్డు ఎవరిది, సౌండ్‌కి పర్మిషన్ ఉందా, రాత్రి అక్కడే పడుకోవడానికి చోటుందా. మూడింటికీ సరైన జవాబు రాకపోతే వెళ్లకండి. వెళ్లాక పార్టీ మధ్యలో ఆగిపోతే తిరిగి రావడానికి ఆ వేళలో ఆటో కూడా దొరకదు.

పర్మిషన్ మాట ఎందుకంటున్నానంటే, 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. మూసి ఉన్న హాళ్లకి మినహాయింపు ఉంది, కానీ ఆ శబ్దం లోపలే ఉండాలి. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి పదిహేను రోజులకి మించకుండా. బీచ్‌లో ఇసుక మీద స్పీకర్లు పెట్టి తెల్లార్లూ వాయిద్దామనే ఆలోచన ఎవరైనా చెప్తే అక్కడే వద్దనండి. చట్టం ఒక్కటే కాదు, పక్కన మత్స్యకారుల పాలెం ఉంటుంది, వాళ్లు తెల్లవారక ముందే వేటకి వెళ్లాలి. హై సౌండ్స్‌ని గోడ ఆపుతుంది గానీ బేస్‌ని, అంటే అడుగున ఉండే లావు శబ్దాన్ని, ఆపలేదు, అది చాలా దూరం పోతుంది. నేను నమ్మే నిర్వాహకులు ముందురోజే పాలెం పెద్దలతో మాట్లాడతారు, రాత్రి షెడ్డు బయట రెండు మూడు వందల అడుగుల దూరంలో నిలబడి విని బేస్ తగ్గిస్తారు. అలా చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి.

సీజన్ కూడా చూసుకోండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండం వచ్చిందంటే గుంటల గట్లు జారుడు బల్లలే. ఏప్రిల్ దాటాక రేకుల షెడ్డులో రాత్రిపూట కూడా ఉడికిపోతారు. సంక్రాంతి తర్వాత నుంచి శివరాత్రి దాకా మంచి కాలం, రాత్రి చల్లగా ఉంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలు పడుకోండి. ఇది చాలామంది చెయ్యరు, రాత్రి రెండింటికల్లా గోడకి ఆనుకుని కూర్చుంటారు. రాత్రి ఏడున్నర ఎనిమిదికల్లా తినేయండి, తేలిగ్గా. పెరుగన్నం, ఒక అరటిపండు, చాలు. బిర్యానీ తిని వచ్చి ఎగరడం మొదలెడితే పదకొండుకే కడుపులో బరువు తెలుస్తుంది. బట్టలు కాటన్‌వి వేసుకోండి, సంచిలో ఇంకో టీషర్టు, ఒక తువ్వాలు పెట్టుకోండి. కాళ్లకి మెత్తటి అడుగున్న బూట్లు, చెప్పులు అస్సలు వద్దు. సిమెంటు గచ్చు మీద ఆరు గంటలు ఆడితే మోకాళ్లకి తెలుస్తుంది, పైగా చీకట్లో ఎవరో ఒకరు కాలు తొక్కుతారు. గుంటల దగ్గర కాబట్టి దోమల క్రీమ్ తప్పనిసరి.

చెవులు

దీని మీద నేను పట్టుబట్టి చెప్తాను. రెండోసారి వెళ్లినప్పుడు స్పీకర్‌కి ఆనుకున్నట్టు నిలబడి ఆడాను, ఆ తర్వాత రెండు రోజులు చెవుల్లో గుయ్యిమంటూనే ఉంది, అమ్మ పక్క గదిలోంచి పిలిచినా వినపడలేదు. అప్పుడు చదివి తెలుసుకున్నాను. 85 డెసిబెళ్ల శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చు అనేది పని స్థలాలకి నిపుణులు పెట్టిన లెక్క. ప్రతి 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా ఆ టైం సగానికి పడిపోతుంది. 88కి నాలుగు గంటలు, 94కి ఒక గంట, 100కి వచ్చేసరికి పదిహేను నిమిషాలే. డ్యాన్స్ ఫ్లోర్ మీద 100 అనేది మామూలు సంగతి. లోపలి చెవిలో ఉండే సన్నని వెంట్రుకల్లాంటి కణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు.

మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చాలు. వేళ్లతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి పట్టుకుని లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో ఆపి ఉంచాలి. ఊరికే చెవి బయట అంటించుకుంటే పనిచెయ్యదు. సంగీతం మీద ఇష్టం పెరిగాక మ్యూజీషియన్లు వాడే రకం కొనుక్కోండి, అవి అన్ని స్వరాలనీ సమానంగా తగ్గిస్తాయి, ఫోమ్‌లా మూసేసినట్టు ఉండదు. బేస్ ఎలాగూ ఛాతీకి, పాదాలకి తెలుస్తుంది, ప్లగ్స్ పెట్టుకుంటే మజా పోతుందన్న మాట నిజం కాదు. గంటకోసారి పదినిమిషాలు బయటికి వెళ్లి నిలబడండి.

ఆడటం

డ్యాన్స్ రాదు అనేవాళ్లకి ఇది అన్నిటికన్నా సులువైన ఆట. ఇక్కడ నేర్చుకున్న స్టెప్పులేవీ పనికిరావు, ఎవరూ మిమ్మల్ని చూడరు కూడా. లోపలికి వెళ్లగానే ముందు నిలబడి వినండి. అడుగున ఒక లావు దెబ్బ ఉంటుంది, అదే నేల. నాలుగు దెబ్బలు ఒక ఆవృతం, ఆ నాలుగూ సమానం. మన డప్పు అలవాటైన ఒంటికి ఇది మొదట్లో బోసిగా అనిపిస్తుంది, ఎందుకంటే మన ఊరేగింపు దరువుల్లో చాలావాటికి ఊగు ఉంటుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య మూడు ముక్కలుగా నడుస్తుంది. ఇందులో ఆ ఊగు పైన ఉండే చిన్న శబ్దాల్లో దాక్కుని ఉంటుంది. రెండు దెబ్బల నడుమ "చ్" అని ఒక తాళం మోగుతుంది చూడండి. దెబ్బకి పాదం నేలకి, "చ్"కి మడమ పైకి. అంతే, ఇంకేం లేదు. మోకాళ్లు ఎప్పుడూ బిగించకండి, కాస్త వంచే ఉంచండి. ఒంటి బరువు ఎడమ కాలి నుంచి కుడి కాలికి, కుడి నుంచి ఎడమకి మారుతూ ఉంటే భుజాలు వాటంతట అవే కదులుతాయి.

ఒక చిన్న లెక్క చెప్తాను, ఇది తెలిశాక నాకు ఈ సంగీతం విచ్చుకుంది. డీజే 128 వేగంలో వాయిస్తున్నాడంటే నిమిషానికి 128 దెబ్బలు. ఆవృతానికి నాలుగు కాబట్టి నిమిషానికి సరిగ్గా ముప్పై రెండు ఆవృతాలు. ఈ పాటల్ని కట్టేవాళ్లు మార్పుల్ని ఎనిమిది, పదహారు, ముప్పై రెండు ఆవృతాలకి ఒకసారి పెడతారు. అంటే పావు నిమిషానికో, అర నిమిషానికో, నిమిషానికో ఏదో ఒకటి వస్తుంది లేదా పోతుంది, ఒక చప్పట్ల శబ్దం చేరుతుంది, ఒక తీగ మాయమవుతుంది. కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టండి. పది నిమిషాల తర్వాత లెక్క అక్కర్లేదు, మార్పు వచ్చే క్షణం ముందే మీ ఒంటికి తెలుస్తుంది, దానికి తగ్గట్టు మీరే తల ఎత్తుతారు. అదే వేగంతో ఆరు గంటలంటే నలభై ఆరు వేల పైచిలుకు దెబ్బలు, కాబట్టి మొదటి గంటలోనే ఎగిరి గంతెయ్యకండి.

చెక్కభజన చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. గురువు ముందు చిన్న అడుగుతో మొదలుపెడతాడు, అందరి కాళ్లూ ఒకటయ్యాకే వేగం పెంచుతాడు, బాగా పెంచాక మళ్లీ కిందికి దించుతాడు. మంచి డీజే కూడా అంతే. పదింటికి 118, 120 దగ్గర హౌస్ అనే కాస్త నెమ్మదైన రకం వాయిస్తాడు, అర్ధరాత్రికి 128 దాకా తెస్తాడు, రెండూ మూడింటికి టెక్నోలోకి వెళ్లి 135 దాటిస్తాడు, తెల్లవారుతుంటే మళ్లీ నెమ్మదిస్తాడు. మీరు కూడా అలాగే. పది నుంచి పదకొండు దాకా పాదాలూ మోకాళ్లే, చేతులు కింద. తర్వాత నడుము. చేతులు పైకెత్తడం అర్ధరాత్రి దాటాక. అలిసిపోతే బయటికి వెళ్లక ముందు ఒకసారి రెండు దెబ్బలకి ఒక అడుగు వేసి చూడండి, పాట వేగం అదే, మీ వేగం సగమవుతుంది, ఊపిరి తిరిగి వస్తుంది. నేను మూడు దాటాక సగం సేపు అలాగే ఆడతాను.

నిలబడే చోటు సంగతి. డీజేని చూస్తూ నిలబడక్కర్లేదు, అతను చూపించేదేం లేదు, తల వంచుకుని నాబ్‌లు తిప్పుతూ ఉంటాడు. రెండు స్పీకర్లకీ మధ్యలో, వాటికి ఐదారు గజాలు వెనక్కి నిలబడితే శబ్దం బాగా వినపడుతుంది. గోడల దగ్గర, మూలల్లో బేస్ పేరుకుపోయి ముద్దగా ఉంటుంది. రేకుల షెడ్డయితే పైకప్పు గలగలమంటుంది. తెలిసిన నిర్వాహకులు పాత పరుపులు, గోనె పట్టాలు వేలాడదీస్తారు, అవి ఉన్న వైపు నిలబడి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇక ఆ పెద్దాయన చెప్పిన మాట దగ్గరికి వస్తాను. రాత్రిలో రెండు మూడుసార్లు డీజే ఆ లావు దెబ్బని తీసేస్తాడు. పైన తీగలు, గాలి శబ్దాలు ఏవో ఉంటాయి, అడుగున నేల ఉండదు. గంట క్రితం వచ్చినవాడికి అప్పుడేమీ అనిపించదు. మూడు గంటలుగా ఆడుతున్న మీరు మాత్రం గుంట గట్టు మీద నిద్రలేచిన మనిషిలా ఉలిక్కిపడతారు, అప్పటిదాకా మీ పాదం, ఊపిరి, పక్కన ఆడుతున్న ముక్కూమొహం తెలీని మనిషి పాదం అన్నీ ఒకే దెబ్బ మీద నడుస్తున్నాయని అప్పుడు తెలుస్తుంది. అప్పుడు అరవకండి, ఫోన్ తియ్యకండి. ఆగి ఊగుతూ ఉండండి. దెబ్బ తిరిగి పడుతుంది. ఆ ఒక్క క్షణం కోసం నేను నూట డెబ్భై కిలోమీటర్లకు పైగా చెన్నై నుంచి బండి మీద వస్తాను.

ఇది మనది కాదు కదా అని అనేవాళ్లుంటారు. హౌస్ పుట్టింది చికాగోలో, 1977లో మొదలైన వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ వాయించిన రికార్డుల నుంచి ఆ పేరే వచ్చింది. అక్కడ ఆడినవాళ్లు ఎక్కువగా నల్లజాతి, లాటినో గే యువకులు, వేరే చోట్లకి రానివ్వని మనుషులు. టెక్నోని డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు స్కూలు స్నేహితులు ఎనభైల్లో కట్టారు. అయితే 1982లోనే, ముంబైలో సినిమా పాటలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్ పెట్టుకుని హిందుస్తానీ రాగాల్ని ఇదే నాలుగు దెబ్బల మీద రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా విని ఆశ్చర్యపోయింది. దాన్ని వింటూ ఆడి చూడండి, ఎవరిదో అనిపించదు.

నీళ్లు, మందు, మిగతావి

మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు, అందుకని ఒళ్లు చల్లబడదు. ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగితే ఉప్పు తగ్గి అదొక ప్రమాదం. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు తెచ్చుకోండి. లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలుపుకోండి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ కూడా మంచిదే. ఆడుతున్నంతసేపు అరగంటకో నాలుగు గుక్కలు.

మందు తాగి ఆడితే అర్ధరాత్రికి ఎగురుతారు, ఒంటిగంటకి కూలబడతారు. ఈ సంగీతానికి అది సరిపడదు, నేను మానేశాకే తెల్లారేదాకా ఉండగలిగాను. మాత్రలు, పొడులు ఎవరైనా ఇస్తే తీసుకోకండి. అందులో ఏముందో ఇచ్చినవాడికే తెలీదు, 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కింద దగ్గర పెట్టుకోవడమే నేరం. ఒకవేళ ఎవరైనా ఏదో తీసుకుని పడిపోతే, లేదా ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడుతుంటే, భయపడి దాచకండి. బయట గాలికి తీసుకొచ్చి, మెడకి చంకలకి తడిగుడ్డలు పెట్టి, స్పృహ లేకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చెయ్యండి. ఏం తీసుకున్నారో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకండి. అంబులెన్స్‌కి గట్ల దారి తెలీదు కాబట్టి ఒకరు రోడ్డు మీద టార్చి పట్టుకుని నిలబడాలి. ఇది వెళ్లగానే ఎవరు చెయ్యాలో అనుకుని ఉండండి.

పక్కవాళ్లు

ఫోటోలు తియ్యకండి. బెర్లిన్ క్లబ్బుల్లో గుమ్మం దగ్గరే ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తారు, మనవాళ్లూ ఇప్పుడు కొందరు అంటిస్తున్నారు. మనకి అది ఇంకా అవసరం. నెల్లూరు పెద్ద ఊరే గానీ బంధువుల లెక్కన చిన్నది. ఒక అమ్మాయి కళ్లు మూసుకుని ఆడుతున్న వీడియో స్టేటస్‌లో పెడితే, ఆమె ఇల్లు చేరక ముందే అది వాళ్ల మేనమామ ఫోన్‌కి చేరుతుంది. ఆ తర్వాత ఆమె రాదు. ఆమె స్నేహితులూ రారు. రాత్రంతా మగవాళ్లే మిగిలిన ఫ్లోర్ ఎంత బరువుగా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు.

ఆడుతున్న వాళ్ల దగ్గరికి మరీ జరగకండి, చెయ్యి చాచినంత దూరం ఉంచండి. కలిసి ఆడాలనిపిస్తే ఎదురుగా వచ్చి కళ్లతో అడగండి, ఆమె మొహం తిప్పుకుంటే అదే జవాబు. మాటలు బయట మాట్లాడుకోండి, ఫ్లోర్ మధ్యలో నిలబడి కబుర్లు చెప్పేవాళ్ల చుట్టూ ఆట చెడిపోతుంది. ఎవరైనా ఒక అక్క వచ్చి "అన్నా, వాడు నా వెనకే తిరుగుతున్నాడు, కాస్త చూడు" అంటే, ఏమైందో నిరూపించమని అడక్కండి, ఆమె పక్కన నిలబడి నిర్వాహకుల్ని పిలవండి.

తిరిగి రావడం

నాలుగింటికి అయిపోయినా అప్పుడే బండెక్కకండి. ఆ టైంలో కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు పడుకుని ఉంటుంది. హైవే మీద, కృష్ణపట్నం పోర్టు రోడ్డు మీద లారీలు ఆ వేళ కూడా తిరుగుతూనే ఉంటాయి. చాప పరుచుకుని వెలుతురు వచ్చేదాకా పడుకోండి. సముద్రం పక్కనే ఉంది కదా అని చీకట్లో దిగొద్దు, అల కనపడదు, లోపలికి లాగే నీళ్లు ఎక్కడున్నాయో పగలే తెలీదు. జనవరిలో సూర్యుడు ఆరున్నర దాటాకే వస్తాడు, ఒడ్డున కూర్చుని చూడండి, అది చాలు.

సౌండ్ ఆపేశాక ఒక పది నిమిషాలు అక్కడే ఉండి సీసాలు, కవర్లు, సిగరెట్ పీకలు ఏరి గోనె సంచిలో వెయ్యండి. ఒక్క ప్లాస్టిక్ కవర్ గుంటలో పడి ఏరియేటర్ రెక్కలకి చుట్టుకున్నా రైతుకి నష్టం, మళ్లీ ఆ షెడ్డు మనకి ఇవ్వడు. కాపలా మనిషికి చెప్పి బయల్దేరండి. నెల్లూరులో మైపాడు గేటు దగ్గరికొచ్చేసరికి టీ కొట్లు తెరిచి ఉంటాయి, ఒక టీ, దగ్గర్లో వేడి వేడి కారం దోశ.

ఇంటికెళ్లి స్నానం చేసి, పిక్కల్ని గోడకి ఆనించి సాగదీసి పడుకోండి, లేకపోతే సోమవారం మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. చెవుల్లో గుయ్యిమనడం ఒక రోజు దాటినా తగ్గకపోతే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి, తగ్గిపోయినా సరే, వచ్చేసారి స్పీకర్‌కి ఇంకో నాలుగు గజాలు వెనక్కి నిలబడండి.